పట్టణమున ప్రోగ్రామర్ల సభలు: మన బిడ్డలు పోవలసిన పనియేనా?



మన సంఘ సభ్యులలో పెక్కుమంది యిండ్లలో నేడు కంప్యూటరు విద్య నేర్చిన కుమారుడో కుమార్తెయో కలరు. వారు ఇంటనుండి అప్పుడప్పుడొక మాట యడుగుచుందురు. “శనివారమునాడు హైదరాబాదులో ప్రోగ్రామర్ల సమావేశము కలదు, పోయి వచ్చెదను, దారి ఖర్చు లిమ్ము” అని. తండ్రి యడుగు ప్రశ్న యొక్కటే. “అది ఉద్యోగమునకు పిలుపా? పరీక్షయా? రెండును కానిచో ఎందులకు పోవలెను?” ఎరువు బస్తా ధరను రూపాయి రూపాయి లెక్కించుకొను గృహస్థున కీ ప్రశ్న పుట్టుట న్యాయమే. దానికి తగిన సమాధానము చెప్పుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

మొదట ఈ సభలెట్టివో తెలిసికొందము. కంప్యూటరు ఏ పని ఏ వరుసను చేయవలెనో దానికి తెలియు భాషలో వ్రాసి యిచ్చువాడు ప్రోగ్రామరు. ఇట్టివారు కూడు సభలు రెండు తెగలు. మొదటివి చిన్న సమావేశములు. ఇవి సాధారణముగా నెలకొకమారు సెలవు దినమున నొక కంపెనీ హాలులోనో, కళాశాలలోనో జరుగును. వీనిలో పెక్కింటికి ప్రవేశ రుసుము లేదు. ముందుగా పేరు నమోదు చేసికొనిన చాలును. రెండవవి ఏటేట జరుగు మహాసభలు. ఇవి రెండు మొదలు నాలుగు దినములు జరుగును; టిక్కెట్టు కొనవలెను. ఉదాహరణమునకు, నెదర్లాండ్సు దేశీయుడగు గైడో వాన్ రోసమ్ 1991లో పైథాన్ అను ప్రోగ్రాము భాషను లోకమునకు విడుదల చేసెను. ఆ భాష వాడువారి మహాసభ పైకాన్ అను పేర 2003లో అమెరికాలోని వాషింగ్టనున మొదలయ్యెను. మన దేశమున పైకాన్ ఇండియా 2009లో బెంగుళూరున ఆరంభమై, 2018లోను 2023లోను మన హైదరాబాదున జరిగెను.

ఒకరి యన్నమున కొకరు పోటీపడు ఈ వృత్తివారు తమ విద్యను నలుగురిలో నేల చెప్పుకొందురని కొందరి కాశ్చర్యము కలుగవచ్చును. దీనికి మూలము మన సహకార సూత్రమే. 1955వ సంవత్సరమున అమెరికాలోని లాస్ ఏంజెలెస్ ప్రాంతమున ఐబీఎమ్ 704 అను పెద్ద యంత్రమును తెప్పించుకొన బూనిన సంస్థలు కొన్ని యుండెను. దానిచే పని చేయించు ప్రోగ్రాములను ఎవరికి వారే వ్రాసికొనవలసి యుండెను. పది సంస్థలవారు ఒకే ప్రోగ్రామును పదిమార్లు వ్రాయుట వృథాయని తలచి, వారందరు కూడి “షేర్” అను సంఘము నేర్పరచుకొనిరి. పంచుకొనుట యని దాని యర్థము. ఒకరు వ్రాసినది అందరును వాడుకొనిరి. ఒకరు కనుగొన్న లోపమును అందరును దిద్దుకొనిరి. ఆ సంఘము నేటికిని సజీవముగ నున్నది. విత్తనములు, ఎరువులు ఎవరికి వారు కొని నష్టపడుట మాని మన పెద్దలు సంఘముగా నేర్పడుటకు కారణ మేదియో, వారు కూడుటకును కారణ మదియే.

మరియొక నిదర్శనము. 1975 మార్చి 5వ తేదీని కాలిఫోర్నియాలోని మెన్లో పార్కున గార్డన్ ఫ్రెంచి యను నతని కారు షెడ్డులో సుమారు ముప్పదిమంది కూడిరి. చిన్న కంప్యూటరును ఇంటనే తయారు చేసికొనవలెనని వేడుక గలవారే వారందరును. హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బని దానికి పేరు. వారిలో స్టీవ్ వోజ్నియాక్ అను యువకు డొకడు. ఆనాటి మాటలు విని యతడు స్వయముగా నొక యంత్రమును నిర్మింప బూని, దాని నమూనా పటములను తోడి సభ్యులకు ఉచితముగా పంచిపెట్టెను. మరుసటి యేడు, 1976లో, ఆపిల్ కంపెనీ పుట్టినది. సభకు పోయిన ప్రతివాడును ధనవంతుడగునని మేము చెప్పుట లేదు; అట్లు చెప్పువారిని నమ్మవలదు. నాలుగు గోడలమధ్య నుండు నాలోచన నలుగురి నోళ్లలో నానినపుడే గట్టిపడునని మాత్రము దీనివలన తెలియుచున్నది.

ఇక నొక యాక్షేపణ. “ఆ యుపన్యాసములన్నియు యూట్యూబులో వచ్చును గదా! ఇంట కూర్చుండియే చూడరాదా?” ఇది సరియైన మాటయే. పెక్కు మహాసభల యుపన్యాసములు తరువాత నందరికిని ఉచితముగ లభించును. ఉపన్యాసములు వినుటకే యైనచో ప్రయాణ మనవసరము. కాని చీడను గూర్చి కరపత్రము చదువుటకును, ఆ చీడను గెలిచిన రైతు చేనిలో నిలిచి మాటలాడుటకును భేదము లేదా? ఆ భేదమే యిచ్చటను కలదు. సభామందిరము వెలుపల, కాఫీ త్రాగుచు, నడవాలో నిలిచి చెప్పుకొను మాటలే ముఖ్యమని అనుభవజ్ఞులగు ప్రోగ్రామర్లు చెప్పుదురు. ఒంటరిగా మూడు దినములు తల బ్రద్దలు కొట్టుకొన్నను తెగని చిక్కును, అదివరకే దానిని దాటినవాడు రెండు మాటలలో విప్పగలడు. ఎవరైనను వేదికపై నైదేసి నిమిషములు మాటలాడుట కవకాశ మిచ్చు ఘట్టములును కలవు. కొన్ని మహాసభల తుదిదినమున అందరును కూర్చుండి ఒక ఉమ్మడి ప్రోగ్రామును బాగుచేయుదురు. మనవారు నాట్లకాలమున ఒకరి చేనికొకరు పోయి చేయు బదులు పని వంటిది.

దీనివలన మన సంఘమునకేమి లాభము? 2022 జూన్ 29వ తేదీని కేంద్ర ప్రభుత్వము దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించినది. అనగా మన అప్పుపద్దులు, వాటాధనము, ఎరువుల నిల్వ యివన్నియు చిట్టాపుస్తకమునుండి యంత్రములోనికి పోవుచున్నవి. చిట్టాలో తప్పున్నచో వ్రేలు పెట్టి చూపగలిగిన పెద్దలు మనలో కలరు. యంత్రములో వడ్డీ లెక్క తప్పినచో ఎవరు చూపగలరు? రసీదుపై తెలుగు ఒత్తులు చెదరి పేరు చదువుట కలవి కానిచో, ఆ లోప మెచ్చట పుట్టినదో ఎవరు చెప్పగలరు? ప్రపంచ లిపులన్నింటికిని సంఖ్యలిచ్చు యూనికోడ్ పట్టికలో మన తెలుగు లిపి 1991 నాటి మొదటి ముద్రణమునుండియు నున్నది. అయినను ఒక్కొక యంత్రమున అక్షరములు చెదరుట మనము చూచుచునే యున్నాము. “పని చేయుట లేదు” అని మాత్రమే వ్రాసిన యర్జీకిని, “ఈ స్థలమున, ఈ కారణమున, ఇట్లు తప్పుచున్నది” అని వ్రాసిన యర్జీకిని ఎంతో యంతరము కలదు. ఆ రెండవ యర్జీ వ్రాయగల బిడ్డ యూరి కొక్కరైనను ఉండవలెను. అట్టి నేర్పు పదిమంది పనివారి నడుమ తిరిగినచో త్వరగా నబ్బును.

ప్రయాణమునుగూర్చి నాలుగు మాటలు. హైదరాబాదున ఇట్టి సభలు ఎక్కువగా మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతముల జరుగును. 1998లో సైబర్ టవర్స్ కట్టడము తెరచిననాటినుండి ఆ వైపే సాఫ్టువేరు కంపెనీలు పెరిగినవి. సికిందరాబాదు రైల్వే స్టేషనులో దిగువారు ప్రక్కనేయున్న సికిందరాబాదు తూర్పు స్టేషనున మెట్రో నెక్కినచో బండి మారకయే హైటెక్ సిటీ, రాయదుర్గము చేరవచ్చును. మహాత్మాగాంధీ బస్సు స్టేషనులో దిగువారు మెట్రోలో అమీరుపేట వరకు పోయి, అచ్చట రాయదుర్గము బండిలోనికి మారవలెను. హిందూపురమువైపు వారికి హైదరాబాదుకంటె బెంగుళూరే దగ్గర. ఉత్తర కోస్తావారు మొదట విశాఖపట్టణమున జరుగు సభలను విచారించుకొనవలెను. దగ్గరిదానితో ఆరంభించుటయే మేలు.

ఖర్చు నాలుగు పద్దులు: రానుపోను చార్జీ, పట్టణములో తిరుగుడు, బస, టిక్కెట్టు. చిన్న సమావేశమైనచో కడపటి రెండును తరచుగా నుండవు. ఉదయము పోయి రాత్రికి తిరిగి రావచ్చును. మహాసభలకు విద్యార్థుల టిక్కెట్లు తక్కువ ధరకు దొరకుట కలదు. పైకాన్ ఇండియా వంటి సభలవారు చాలనివారికి ధనసహాయమును చేయుచుందురు. కాని దానికి ముందుగానే దరఖాస్తు పెట్టుకొనవలెను. ఆడపిల్లలను పంపుటకు జంకు తలిదండ్రులు ఇద్దరు ముగ్గురిని జతచేసి పంపవచ్చును. మంచి సభలవారు నడవడి నియమములను ముందే ప్రకటించి, ఫిర్యాదు వినుటకు మనుష్యులను నియమింతురు. అట్టి ప్రకటన యున్నదో లేదో చూచి మరీ పంపుడు.

పోవు యువకులకును యువతులకును మేము చెప్పునది యిది. ఒట్టిచేతులతో పోవలదు; ఒక ప్రశ్నను వెంట తీసికొని పొండు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు. మీరు చేయుచున్న పనిని రెండు వాక్యములలో చెప్పుట ముందుగా నభ్యసింపుడు. ఇంగ్లీషు తడబడినచో సిగ్గుపడవలదు. ఆ సభలలో తెలుగువారు కొదువ లేరు. ఉచితముగ నిచ్చు చొక్కాలకై వరుసలో నిలిచి ప్రొద్దు పుచ్చవలదు. కలిసినవారి పేర్లు వ్రాసికొని, ఇల్లు చేరిన మరునాడే వారి కొక ఉత్తరము పంపుడు. నెలనెల సభలకు తిరుగుచు ఇంట నొక్క ప్రోగ్రామైనను వ్రాయనివాడు, సంతకు పోయి ఉత్తచేతుల వచ్చువాని వంటివాడు.

జాగ్రత్తయు నవసరమే. సభ పేర సొమ్ము పట్టి, “వచ్చినవారికెల్ల ఉద్యోగము” అని చాటువారు కొందరు కలరు. నిజమైన ప్రోగ్రామర్ల సమావేశము ఉద్యోగమును అమ్మదు. ఎవరు మాటలాడుదురో, ఏ విషయముపైనో, ఏ స్థలముననో, ఎవరు నడుపుచున్నారో ముందుగా ప్రకటింపని సభకు పైసయైనను కట్టవలదు.

కడపట మా సూచన. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేలున సహకార దుకాణము పెట్టిన నేతపనివారు, అనంతరకాలమున తమ మిగులులో నూటికి రెండున్నర వంతున విద్యకై తీసి యుంచిరి. సభ్యులకు విద్యాబోధ చేయుట సహకార సూత్రములలో నొకటిగా నేటికిని చెల్లుచున్నది. కావున మన సంఘము ఏటేట ఇద్దరు బిడ్డలకు, వీలైనచో అందొక ఆడపిల్లకు, రానుపోను చార్జీ మాత్రము నిచ్చుట మంచిది. దానికి రెండు షరతులుండవలెను. తిరిగివచ్చిన పక్షము దినములలో వారు సభ్యులయెదుట తాము నేర్చినదానిని తేటతెలుగున చెప్పవలెను. ఒక దినము సంఘ కార్యాలయమున కూర్చుండి, యంత్రములోని పద్దులను సభ్యులకు చదివి చూపవలెను. ఈ విషయమును రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చించి, పాలకవర్గమువారికి తమ యభిప్రాయమును తెలుపవలసినదిగా సభ్యుల నెల్లర కోరుచున్నాము.