రివర్బ్ వేశాక కూడా తీసేయొచ్చు

ఆడాసిటీ 2.4.2 నుంచి 3.7కి మారి వారం అయింది. అన్నిటికన్నా నచ్చింది రియల్‌టైమ్ ఎఫెక్ట్స్.

పాత వెర్షన్‌లో గొంతుకి రివర్బ్ వేస్తే అది ఆడియోలోనే కలిసిపోయేది. అన్‌డూ ఉంది కదా అంటారా? ప్రాజెక్ట్ మూసేస్తే అదీ పోతుంది. మర్నాడు విని, బావిలోంచి పాడినట్టుంది అనిపిస్తే మళ్ళీ పాడాల్సిందే. ఆ పై స్థాయి మళ్ళీ అలాగే పలుకుతుందని గ్యారంటీ ఏంటి? 2022లో వచ్చిన 3.2 నుంచి ఎఫెక్ట్ విడిగా ఉంటుంది, అసలు గొంతు చెక్కుచెదరదు. పాట మోగుతుండగానే రివర్బ్ తగ్గించొచ్చు, పూర్తిగా ఆపేయొచ్చు. హాస్టల్ ఫ్యాన్ మోత తీసే నాయిస్ రిడక్షన్ మాత్రం ఇంకా పాత పద్ధతే, కాబట్టి ముందు ట్రాక్‌ని డూప్లికేట్ చేసుకోండి.

ప్రాజెక్ట్ కూడా ఇప్పుడు ఒకే ఏయూపీ3 ఫైలు. ఇదివరకు పక్కన డేటా ఫోల్డర్ ఉండేది, పెన్‌డ్రైవ్‌లోకి అది ఎక్కించకపోతే పాట లేనట్టే. పాత ప్రాజెక్టులు కొత్తదాంట్లో తెరుచుకుంటాయి. కొత్తగా సేవ్ చేసినవి 2.4.2లో తెరుచుకోవు. డ్యూయెట్‌లో రెండోవాళ్ళు ఇంకా పాతదే వాడుతుంటే, ఎఫెక్ట్స్ ఆపేసి, మీ ట్రాక్‌ని వేవ్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి పంపండి.