అన్నకంటె పెద్దవాడైన తమ్ముడు

1978 జూలై 4వ తేది రాత్రి. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రము. పండ్రెండేండ్ల డేవిడ్ తన యెనిమిదేండ్ల తమ్ముని వెదకుచు చెట్లలోనికి పోయి, ఒక గోతిలో పడి స్పృహ తప్పును. లేచి ఇంటికి పోగా తలుపు తీసినవారు పరాయివారు. తలిదండ్రులు వేరొక యింట నున్నారు. తాను ఏడిపించు తమ్ముడు ఇప్పుడు తనకంటె పొడగరి, పదునారేండ్లవాడు. అది 1986. డేవిడ్‌కు మాత్రము పండ్రెండేండ్లే.

రాండల్ క్లైజర్ దర్శకత్వమున 1986లో వెలువడిన 'ఫ్లైట్ ఆఫ్ ది నావిగేటర్' అను చిత్రములోని కథ ఇది. పిల్లలకొరకు తీసినదైనను, ఆ తలుపు దగ్గరి దృశ్యమునకు పెద్దల గుండెయే బరువెక్కును. డేవిడ్‌ను ఒక నౌక 560 కాంతి సంవత్సరముల దూరమందలి ఫేలాన్ గ్రహమునకు కొనిపోయినదట. పోవుటకు 2.2 గంటలు, వచ్చుటకు అంతే. భూమిపై మాత్రము ఎనిమిదేండ్లు గడచినవి.

ఇట్లు జరుగునా యని మా విద్యార్థులు అడుగుచుందురు. సగము జరుగును.

1905లో ఐన్‌స్టీన్ ప్రకటించిన సాపేక్షతా సిద్ధాంతమునకు ఆధారము ఇది: చూచువాడు నిలిచియున్నను పరుగెత్తుచున్నను కాంతివేగము మారదు. రైలుపెట్టెలో నేలమీద ఒక అద్దము, పైకప్పున ఒక అద్దము అమర్చి, వాని నడుమ ఒక కిరణము పైకి క్రిందికి తిరుగుచున్నట్లు ఊహింపుడు. ఒక్కొక్క రాకపోక గడియారపు ఒక్కొక్క 'టిక్కు'. పెట్టెలోనివానికి కిరణము నిట్టనిలువుగా పోయి వచ్చును. ప్లాట్‌ఫారముమీద నున్నవానికో? కిరణము పైకి చేరునంతలో రైలు ముందుకు జరుగును గదా! అతనికి దారి ఏటవాలుగా, పొడవుగా కనిపించును. దారి పెరిగినది, వేగము పెరుగదు. కనుక టిక్కునకు ఎక్కువ కాలము పట్టవలసినదే. గడియారమే కాదు, పెట్టెలోనివారి నాడి, ఆకలి, వయసు అన్నియు నట్లే మందగించును.

మన రైళ్ళలో ఈ తేడా లెక్కకు రాదు. ఆకాశమున 10, 15 కిలోమీటర్ల యెత్తున పుట్టు మ్యూయాన్ కణము సగటున 2.2 మైక్రోసెకండ్లే బ్రతుకును. (చిత్రములోని 2.2కు దీనితో సంబంధము లేదు.) అంతలో కాంతివేగముతో పోయినను 660 మీటర్లు దాటరాదు. అయినను ఎన్నియో మ్యూయానులు నేలను చేరుచున్నవి. వేగమువలన వాని ఆయువు మన లెక్కలో సాగినది. అన్నదమ్ములలోను ఉదాహరణము కలదు. స్కాట్ కెల్లీ అను వ్యోమగామి 2015-16లో 340 దినములు అంతరిక్ష కేంద్రమున గడపెను. అతని కవల సోదరుడు మార్క్ 6 నిమిషములు పెద్ద. ఆ ప్రయాణముతో ఈ తేడాకు ఇంచుమించు 8 మిల్లీసెకండ్లు చేరినవి.

ఇక డేవిడ్ లెక్క. ఎనిమిదేండ్లు 4.4 గంటలుగా కుదియవలెనన్న కాలము సుమారు 16,000 రెట్లు మందగింపవలెను. అందుకు నౌక కాంతికంటె సెకండుకు 60 సెంటీమీటర్లు మాత్రమే వెనుకబడి పోవలెను. తప్పటడుగుల బిడ్డ నడకపాటి తేడా! మనకు అలవికానిదే గాని సిద్ధాంతము కాదనదు. చిక్కంతయు ఆ 560 కాంతి సంవత్సరములతోనే. కాంతికే రాకపోకలకు 1,120 ఏండ్లు పట్టును. డేవిడ్ మరలునప్పటికి తమ్ముడు కాదు, ఆ ఊరే ఉండునో లేదో. ఎనిమిదేండ్లలో తిరిగి రావలెనన్న గమ్యము 4 కాంతి సంవత్సరములలోపున నుండవలెను. సూర్యుని విడిచిన మనకు దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీయే 4.24 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. నౌక కాంతిని మించి పోయినదని చిత్రములో సర్దిచెప్పుదురు. అట్లైన ఈ సూత్రములే పనిచేయవు. తమ్ముని పదునారేండ్లకొరకు కథకులు దూరమును బలియిచ్చిరి.

మన భాగవతములో కకుద్మి మహారాజు కుమార్తె రేవతితో బ్రహ్మలోకమునకు పోయి, గానము ముగియువరకు క్షణకాలము వేచియుండగా, భూమిపై 27 చతుర్యుగములు గడచినవి. (ఇందువలన మన పూర్వులకు సాపేక్షత తెలియునని నేననను.) ఆ కథకులు కాలమునకు పిసినారితనము చూపలేదు.

చివరకు డేవిడ్ అదే నౌకలో 1978కి తిరిగిపోయి, పండుగ బాణసంచా వెలుగులో ఎనిమిదేండ్ల తమ్ముని చేరుకొనును. ఇక్కడ నా విద్యార్థులు చప్పట్లు కొట్టుదురు, నేనును కొట్టితిని. వేగమువలన రాబోవు కాలమునకు త్వరగా చేరవచ్చును గాని, అదే వేగముతో గడచిన దినమునకు మరలుటకు దారి లేదు. కకుద్మికిని దొరకలేదు. తన కాలపువారెవ్వరును మిగులని భూమిపై కుమార్తెను బలరామునకిచ్చి, తాను బదరికి తపస్సునకు పోయెను.