వైద్యపత్రములను క్లౌడులో భద్రపరచుకొను విధము

మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు మున్నగు దీర్ఘవ్యాధులకు చికిత్స ఏండ్ల తరబడి సాగును. క్రొత్త వైద్యుడు రోగిని చూచునపుడు ముందుగా పాత చీటీలను అడుగును. అవి లేనిచో చేసిన పరీక్షలనే మరల చేయవలసివచ్చును. రోగికి పడని మందు తెలియక ఇచ్చినచో ప్రాణాపాయమైనను కలుగవచ్చును. కాగితమునకు చెదలు పట్టును, వానకు తడియును. ఈసీజీ ముద్రించు వేడికాగితముపై గీతలు కాలక్రమమున వెలిసిపోవును. కావున నకళ్లు ఉంచుకొనుట అత్యవసరము.

క్లౌడు అనగా నేమి?

మేఘమను పేరున్నను అది ఆకాశమున లేదు. ఇంటర్నెట్టు ద్వారా మనము పంపిన ఫైళ్లను ఒక సంస్థ తన కంప్యూటర్లలో దాచియుంచును. మన సెల్‌ఫోను పోయినను, వేరొక ఫోనునుండి వానిని తెరచి చూడవచ్చును.

ప్రభుత్వ సదుపాయములు

భారత ప్రభుత్వము 2015లో డిజిలాకర్‌ను ప్రారంభించెను. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటికిని విస్తరించెను. కోరిన పౌరునకు 14 అంకెల ఆభా సంఖ్య ఉచితముగా లభించును. ఇందు పత్రములన్నియు ఒకేచోట పోగుపడవు. ఏ ఆసుపత్రిలో తయారైన పత్రము ఆ ఆసుపత్రి అధీనమందే యుండును. రోగి సమ్మతించిననే అది వేరొక వైద్యునకు చేరును. ఆ సమ్మతిని రోగి రద్దుచేసుకొనవచ్చును. ఈ వ్యవస్థలో చేరని ఆసుపత్రుల చీటీలను మనమే ఫోటో తీసి చేర్చుకొనవలెను.

ఒక అపోహ

ఫోనును క్లౌడుతో అనుసంధించినంత మాత్రమున పత్రములు భద్రమని తలచరాదు. ఇట్టి అమరికలో ఫోనునందు చెరిపివేసినది సాధారణముగా క్లౌడునందును చెరగిపోవును. అందుచే నకళ్లు మూడు, సాధనములు రెండు విధములవి, ఒక నకలు ఇంటికి వెలుపల అను సూత్రమును పాటింపవలెను. ఫోనులో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి, క్లౌడులో ఒకటి ఉన్నచో ఈ సూత్రము నెరవేరును.

పాటింపవలసిన నియమములు

1. చీటీని వెలుతురులో, నాలుగు అంచులును కనబడునట్లు ఫోటో తీయవలెను. ఫైలు పేరులో తేదీని, పరీక్ష పేరును వ్రాయవలెను.

2. లింకు ఉన్నవారెవరైనను చూడగల అమరికతో పత్రములను పంపరాదు. ఆ లింకు ఎవరి చేతికి చిక్కినను మన రోగవివరములు బయటపడును. అవసరమైన వ్యక్తికి మాత్రమే అనుమతినిచ్చి, పని తీరగనే దానిని తొలగింపవలెను.

3. పాస్‌వర్డును, ఓటీపీని అపరిచితులకు ఎన్నడును తెలుపరాదు. ఆసుపత్రి పేరు చెప్పి ఫోను చేసినవారిని కూడ నమ్మరాదు. రెండంచెల ధ్రువీకరణమును అమర్చుకొనవలెను.

4. ఆరు నెలలకొకసారి ఒక ఫైలును తెరచి చూడవలెను. తెరువరాని నకలు లేనిదానితో సమానము.

5. పత్రములెచ్చట నున్నవో కుటుంబమున నమ్మకమైన ఒకరికి తెలిసియుండవలెను. రోగి స్పృహ తప్పినపుడు చూపవలసినవారు వారే.

ఇంటర్నెట్టు అందని వేళలును కలవు. కావున రక్తవర్గము, పడని మందులు, ప్రస్తుతము వాడుచున్న మందులు, ఇంటివారి ఫోను సంఖ్య ఒక చిన్న కాగితముపై వ్రాసి ఎల్లప్పుడును వెంట నుంచుకొనవలెను.