పూరకత్వ సూత్రం - పరమాణు ప్రయోగం

పూరకత్వ సూత్రం క్వాంటం భౌతికశాస్త్రపు మూలసూత్రాలలో ఒకటి. దీనిని డెన్మార్కు శాస్త్రవేత్త నీల్స్ బోర్ 1927లో ప్రతిపాదించాడు. ఎలక్ట్రాను, పరమాణువు వంటి సూక్ష్మ వస్తువులకు తరంగ స్వభావం, కణ స్వభావం రెండూ ఉన్నా, అవి ఒకే ప్రయోగంలో పూర్తిగా వ్యక్తం కావని ఈ సూత్రం చెబుతుంది. ఇందుకు క్వాంటం చిక్కుముడి కారణం కాగలదని 1998లో జర్మనీలోని కోన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగం చూపింది.

సమస్య

రెండు మార్గాల గుండా పోగల పరమాణువులు ఒకచోట దట్టంగా, ఒకచోట పలుచగా చేరి వ్యతికరణ పట్టీలను ఏర్పరుస్తాయి. ఇది తరంగ లక్షణం. పరమాణువు ఏ మార్గాన వచ్చిందో తెలిపే ఏర్పాటు చేస్తే పట్టీలు మాయమవుతాయి. దీనికి సాధారణంగా హైసెన్‌బర్గ్ అనిశ్చితత్వ నియమాన్ని కారణంగా చెబుతారు. మార్గాన్ని పరిశీలించే కాంతి తాకిడికి పరమాణువు ద్రవ్యవేగం మారి, పట్టీలు చెదరిపోతాయని దీని భావం. తగినంత తాకిడి లేకుండానే మార్గం తెలిసే వీలుంటే ఏమవుతుంది? అప్పుడు కూడా పట్టీలు మాయమవుతాయని 1991లో స్కల్లీ, ఎంగ్లర్ట్, వాల్తర్ వాదించారు.

ప్రయోగం

డ్యూర్, నాన్, రెంపె అనే శాస్త్రవేత్తలు బాగా చల్లబరచిన రుబీడియం పరమాణువులను లేజరు కాంతి స్థిర తరంగం గుండా పంపి రెండు పుంజాలుగా చీల్చారు. మరొక స్థిర తరంగంతో మళ్ళీ చీల్చి, పుంజాలు ఒకదానిపై ఒకటి పడేటట్లు చేయగా పట్టీలు కనిపించాయి. తరువాత మొదటి చీలికకు ముందు, వెనుక మైక్రోవేవ్ తరంగాలను ప్రయోగించారు. దీనితో పరమాణువు ఒక మార్గంలో ఒక అంతర్గత శక్తిస్థితిలోను, రెండవ మార్గంలో వేరొక స్థితిలోను ఉంటుంది. అనగా మార్గం గుర్తు పరమాణువు లోపలే నమోదవుతుంది. అప్పుడు పట్టీలు మాయమైనాయి. మైక్రోవేవ్ తాకిడి మాత్రం పట్టీలను చెరపడానికి కావలసినదానిలో సుమారు 10,000వ వంతు మాత్రమే.

వివరణ

ఇక్కడ పరమాణువు మార్గము, దాని అంతర్గత స్థితి చిక్కుపడి ఉన్నాయి. ఒకదానిని విడిచి రెండవదానిని వర్ణించడం సాధ్యం కాదు. రెండు అంతర్గత స్థితులు పూర్తిగా భిన్నమైనవి కనుక రెండు మార్గాల తరంగాల నుండి పట్టీలు ఏర్పడవు. గుర్తును ఎవరూ చదవనక్కరలేదు, అది ఉండటమే చాలు.

గుర్తు అసంపూర్ణమైతే పట్టీలు మసకగా మిగులుతాయి. మార్గజ్ఞానాన్ని, పట్టీల స్పష్టతను 0 నుండి 1 వరకు కొలిస్తే, వాటి వర్గాల మొత్తం 1కి మించదని ఎంగ్లర్ట్ 1996లో నిరూపించాడు. ఉదాహరణకు మార్గజ్ఞానం 0.8 అయితే స్పష్టత 0.6కు మించదు. ఈ సంబంధాన్ని కూడా కోన్‌స్టాంజ్ బృందం 1998లోనే పరీక్షించింది.

ఈ ఫలితం వలన అనిశ్చితత్వ నియమం తప్పని భావించరాదు. పూరకత్వానికి తాకిడి ఒక్కటే కారణం కాదని మాత్రమే దీని అర్థం.