విద్యుత్తు వలదన్న పల్లె

‘నాగ’ యను పేరు వినినంతనే తెలుగువారికి పుట్టయు, పడగయు, నాగులచవితియు స్ఫురించును. కాని ఇండోనీసియా దేశమున, జావాద్వీపపు పశ్చిమభాగమునందున్న కంపుంగ్ నాగ అను పల్లెకును పాములకును సంబంధము లేదు. ‘కంపుంగ్’ అనగా పల్లె. అచ్చటి సుందా భాషలో ‘న గావిర్’ అనగా కొండచరియయందు అని యర్థము. ఆ మాటయే వాడుకలో ‘నాగ’ యైనదని చెప్పుదురు. పేరునకు తగినట్లే ఆ పల్లె చరియ క్రింద, లోయ యడుగున, చివులన్ నది యొడ్డున ఒదిగి యున్నది. గారుత్ పట్టణమునుండి తాసిక్‌మలాయకు పోవు రాజమార్గము చరియపైననే సాగిపోవును. బండి దిగి, నాలుగు వందలకు పైబడిన మెట్లు దిగినగాని ఊరు చేరుట సాధ్యము కాదు.

ఊరి వైశాల్యము సుమారు 1.5 హెక్టారులు, మన లెక్కకు నాలుగెకరములకు లోపు. అందు 110కి అటునిటుగా ఇండ్లును, ఒక మసీదును, ఒక సభామందిరమును, ఊరుమ్మడి ధాన్యపుకొట్టును కలవు. జనసంఖ్య మూడు వందల ప్రాంతము. వీరు సుందా జాతివారు, ఇస్లాము మతస్థులు, వ్యవసాయము వీరి వృత్తి. మెట్లు మెట్లుగా తీర్చిన మడులలో ఏటికి రెండుమారులు వరి పండింతురు. తీరిక వేళలందు వెదురుతో బుట్టలు మున్నగునవి అల్లి యమ్ముదురు.

ఇండ్లన్నియు ఒక్క తీరుననే యుండును. రాళ్లపై నిలిపిన కొయ్యస్తంభములు, నేలకు కొంత యెత్తున పరచిన పలకలు, సున్నము పూసిన వెదురు తడికలు, తాటిజాతి చెట్టునుండి తీసిన నల్లని నారతో నేసిన పైకప్పు — ఇంతియే. ఇటుక గోడ కట్టరాదు, రంగులు వేయరాదు. కుర్చీలు, బల్లలు, మంచములు ఉండవు. కలవారి ఇల్లు ఇది, లేనివారి ఇల్లు అది యని వెలుపలనుండి చూచి చెప్పుటకు వీలులేదు. పెరటివైపు తలుపు పెట్టరు. ముందువాకిట వచ్చిన భాగ్యము వెనుకవాకిట వెడలిపోవునని వారి నమ్మకము. వంటయింటి తలుపును మాత్రము సందులుండునట్లు అల్లుదురు. లోపల నిప్పు రేగినచో దాని వెలుగు ఇరుగుపొరుగువారికి వెంటనే కనబడవలెనని దీని యుద్దేశము. వీరి భాషలో ఇంటిని గౌరవముగా ‘బుమి’ యందురు. మనము వాడు ‘భూమి’ శబ్దమే సంస్కృతమునుండి అచ్చటికిని పోయి, ‘ఇల్లు’ అను అర్థమున స్థిరపడినది.

మరుగుదొడ్లును, వడ్లు దంచు సాలలును ఇండ్ల నడుమ నుండవు. అవి ఊరి యంచున, చేపల గుంటలను ఆనుకొని యుండును. దంపుడులో రాలిన తవుడును, దొడ్ల మాలిన్యమును చేపలకు మేత యగును. ఆ చేపలు మనుష్యులకు ఆహారమగును. నదికి ఆవలి గట్టున నున్న అడవిలో ఎవ్వరును అడుగుపెట్టరాదు. ఇట్టి నిషేధమును ‘పమలి’ యందురు. కారణమడిగినవారికి ‘పమలి’ యను మాటయే ప్రత్యుత్తరము. అయినను నిటారు చరియ క్రింద కాపురముండు జనులకు, మన్నును పట్టియుంచు వేళ్లకంటె గొప్ప రక్షణ వేరొకటి యేమున్నది?

ఈ ఊరి జీవితమున 1956 మరపురాని సంవత్సరము. ఇండోనీసియా 1945 ఆగస్టు 17న స్వాతంత్ర్యమును ప్రకటించుకొనెను. 1949లో కార్తోసువిర్యో అను నాయకుడు పశ్చిమ జావాలో వేరొక ఇస్లామిక రాజ్యమును ప్రకటించి, రిపబ్లికుపై సాయుధముగ తిరుగబడెను. కంపుంగ్ నాగ వారు రిపబ్లికు పక్షముననే నిలిచిరి. అందులకు ఫలముగా 1956లో తిరుగుబాటుదారులు పల్లెకు నిప్పు పెట్టిరి. వెదురును, నారయు కాలుటకు ఎంతసేపు పట్టును? ఇండ్లతోపాటు పూర్వులు దాచిన వ్రాతలును దగ్ధమైపోయెను. తమ ఊరు ఏనాడు పుట్టెనో నిశ్చయముగా చెప్పుటకు నేడు వారికి ఆధారము లేదు. ఈ దుఃఖమును వారు ‘దివిటీ ఆరిపోయినది’ అను అర్థమిచ్చు మాటతో చెప్పుకొందురు. కాని వ్రాత పోయినను చేతిపని పోలేదు. స్తంభము నెట్లు నిలుపవలెనో, నారకప్పు నెట్లు కుట్టవలెనో యెరిగినవారు బ్రదికియుండిరి. ఊరు అదే చోట, అదే తీరున మరల లేచెను.

అట్టి ఊరు విద్యుత్తు వలదనుటలో వింత లేదు. అడవినడుమ నున్నందున తీగెలు చేరలేదని తలపరాదు. వారు తెలిసియే కాదనిరి. కారణములు రెండు. నారకప్పుల ఊరిలో తీగెనుండి ఒక్క రవ్వ లేచినను చాలును. రెండవది, దీపముతోపాటు ఇంటింటికి సామగ్రి వచ్చును. ఒకరి యింట నున్నది వేరొకరి యింట లేకున్నచో ఈర్ష్య పుట్టును. మొదటి భయము అగ్నినిగూర్చినది. రెండవదియు ఒకవిధముగా అట్టిదే.

ఈ నిర్ణయమునకు వెల లేకపోలేదు. ఇచ్చటివారు కట్టెలతో వండుకొందురు. రాత్రులందు కిరోసిను దీపము వెలిగింతురు. 2007 మొదలు ప్రభుత్వము కిరోసినుపై సహాయధనమును తగ్గించి, దేశమంతట గ్యాసు బుడ్లను వ్యాపింపజేసెను. విద్యుత్తు గల ఊళ్లలో అది వంటింటి సమస్య మాత్రమే. ఇచ్చట దీపమునకే యెసరు వచ్చెను. 2009లో గ్రామస్థులు తమ యసమ్మతిని తెలుపుటకై, యాత్రికులను కొంతకాలము ఊరిలోనికి రానీయలేదు. తనంత తాను జీవించుచున్నదని మనము తలచు పల్లెయు దూరపు రాజధాని నిర్ణయములకు లోబడి యుండునని దీనివలన తెలియుచున్నది.

వెల వేరొకటియు కలదు. ఊరి యెల్లలు పెరుగవు గనుక క్రొత్త సంసారములకు స్థలము చాలదు. అనేకులు మెట్లెక్కి వెలుపలి ఊళ్లలో స్థిరపడిరి. వారిని ‘సానాగ’ అందురు. అనగా నాగ సంతతివారు. ఏటికి ఆరుమారులు జరుగు ‘హజత్ ససిః’ అను పండుగలకు వీరును వత్తురు. పురుషులు నదిలో స్నానమాడి, తెల్లని దుస్తులు ధరించి, చీపుళ్లు చేతబట్టి మూలపురుషుని సమాధికి పోయి శుభ్రపరతురు. ‘కుంచెన్’ అను ఆచారపు పెద్ద ముందు నడచును. ఇట్టి దినములందు లోపలివారు, వెలుపలివారు అను భేదముండదు.

రేడియో వృత్తిలో నున్న మాకు అన్నిటికంటె ఆసక్తి కలిగించిన విషయ మొకటి కలదు. తీగెను కాదన్న ఈ పల్లెలో బ్యాటరీతో పలుకు రేడియోలు కలవు; కొన్ని యిండ్లలో టెలివిజనును కలదు. కనుక వీరు లోకమును కాదనలేదు. లోకము ఏ వాకిట, ఎంతవరకు రావలెనో తామే నిర్ణయించుకొనిరి. ఆ నిర్ణయము సరియైనదా యని తీర్పు చెప్పుటకు మేము చాలము. చీకటి పడగనే మీట నొక్కి, ఈ పత్రిక తెరచు మన యిండ్లలో, వచ్చిన వస్తువునెల్ల ‘ఇది మనకు వలయునా?’ యని ఒక్కమారైనను అడిగితిమా యను ప్రశ్న మాత్రము మిగిలినది.

మరియొక మాట. మంగళ, బుధ, శనివారములందు తమ పుట్టుపూర్వోత్తరములను, ఆచారములను గూర్చి మాటలాడుట ఆ ఊరిలో నిషిద్ధము. మా వృత్తిలో మౌనమునకు చోటు లేదు; క్షణము నిశ్శబ్దమైనను యంత్రము చెడినదని శ్రోతలు తలతురు. ఉన్న జ్ఞాపకములలో సగమునకు పైగా అగ్నికి అర్పించినవారు, మిగిలినదానిని వారమునకు నాలుగు దినములు మాత్రమే పలుకుదురు. దక్కినదాని విలువ వారికి తెలియును.