అదుపులో ఉన్న బీపీ, అందం కోసం ఆపరేషన్

కళ్ల కింద సంచులు తీయించుకుందామనో, కాన్పుల తర్వాత జారిన పొట్టను సరిచేయించుకుందామనో, నెత్తిన వెంట్రుకలు నాటించుకుందామనో క్లినిక్ మెట్లెక్కేవాళ్లలో నలభై, యాభై దాటినవాళ్లు చాలామందే ఉంటారు. బీపీ బయటపడేదీ ఎక్కువగా ఆ వయసులోనే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే లెక్కన 20 ఏళ్లు నిండిన భారతీయుల్లో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది. కాబట్టి "రోజూ మాత్ర వేసుకుంటున్నాను, బీపీ అదుపులోనే ఉంది. ఇలాంటి ఆపరేషన్ చేయించుకోవచ్చా?" అన్నది ఏ కొద్దిమందికో వచ్చే సందేహం కాదు.

చాలామంది విషయంలో చేయించుకోవచ్చు. ఈ మాట ముందే చెప్పాలి. బీపీ ఉందంటే వెనక్కి పంపేస్తారేమోనన్న భయంతో దాన్ని దాచిపెట్టేవాళ్లున్నారు. అలా దాచడం వల్ల వచ్చే ముప్పు, అదుపులో ఉన్న బీపీ వల్ల వచ్చే ముప్పు కన్నా చాలా పెద్దది.

ఒకప్పుడు బీపీ మందులు మత్తుమందుతో కలిస్తే ప్రాణం మీదికొస్తుందని, ఆపరేషన్‌కి ముందే వాటిని మానిపించాలని వాదించే వైద్యులుండేవారు. 1971లో ఆక్స్‌ఫర్డ్‌లో సెడ్రిక్ ప్రిస్-రాబర్ట్స్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశీలనలు ఆ ఆలోచనను తిరగేశాయి. మందులు వాడని రోగుల్లో మత్తు ఇవ్వగానే రక్తపోటు దబ్బున పడిపోవడం, గొంతులో గొట్టం వేయగానే ఒక్కసారిగా ఎగబాకడం కనిపించింది. మందులతో అదుపులో ఉన్నవాళ్లు ఆ కుదుపులను మెరుగ్గా తట్టుకున్నారు. 2004లో హోవెల్, సియర్, ఫొయెక్స్ 30 అధ్యయనాలను కలిపి చూస్తే అధిక రక్తపోటుకూ ఆపరేషన్ సమయంలో వచ్చే గుండె చిక్కులకూ మధ్య సంబంధం ఉంది గానీ అది చిన్నదేనని తేలింది. ఆ తర్వాత 2016లో బ్రిటన్, ఐర్లండ్ మత్తు వైద్యుల సంఘం, బ్రిటిష్ హైపర్‌టెన్షన్ సొసైటీ కలిసి ఒక మార్గదర్శకం ఇచ్చాయి. గడిచిన ఏడాదిలో ఫ్యామిలీ డాక్టరు దగ్గర చూసిన బీపీ 160/100 లోపు ఉంటే, ముందుగా తేదీ పెట్టుకుని చేసే ఆపరేషన్‌ను బీపీ కారణంగా ఆపక్కర్లేదు. పాత లెక్కలేవీ లేకపోతే, ఆసుపత్రిలో చూసినప్పుడు 180/110 లోపు ఉండాలి.

అయితే ఈ అంకెలు హెర్నియా, పిత్తాశయంలో రాళ్ల వంటి ఆపరేషన్లనూ మనసులో పెట్టుకుని రాసినవి. అక్కడ వాయిదా వేస్తే రోగం ముదరొచ్చు. ముఖం ముడతల ఆపరేషన్ రెండు నెలలు ఆలస్యమైతే ఎవరికీ ఏమీ కాదు. పైగా ఈ ఆపరేషన్లు జరిగేది చర్మం కింద. గుండెకూ మెదడుకూ సరిపడే బీపీ అక్కడి సన్నటి నాళాలకు సరిపోకపోవచ్చు. అందుకే 158/98ని పట్టుకుని "గైడ్‌లైన్ ఒప్పుకుంటోంది కదా" అని బల్ల ఎక్కడం నాకు సమ్మతం కాదు. వారాల తరబడి ఇంట్లో చూసుకున్న సగటు 135/85కి లోపు ఉన్నాకే తేదీ ఖాయం చేసుకోవడం మేలని నా అభిప్రాయం.

ఆ సగటు తెలియాలంటే క్లినిక్‌లో ఒక్కసారి పట్టీ కట్టి చూస్తే చాలదు. డాక్టరు ముందు కూర్చుంటే చాలు బీపీ పెరిగేవాళ్లున్నారు. క్లినిక్‌లో మామూలుగా ఉండి ఇంట్లోనో ఆఫీసులోనో పెరిగేవాళ్లూ ఉన్నారు, వాళ్లే ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాళ్లు. కనీసం వారం రోజులు, పొద్దున మాత్రకి ముందు ఒకసారి, రాత్రి ఒకసారి, ఐదు నిమిషాలు వీపు ఆన్చి కూర్చుని, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి చూసుకోవాలి. అంతకు అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ ఉండకూడదు. ఆ అంకెలు రాసుకున్న కాగితమే మత్తు డాక్టరుకి ఈసీజీ కన్నా ఎక్కువ చెబుతుంది.

ఇక అసలు చిక్కు. ఫేస్‌లిఫ్ట్‌లో చర్మాన్ని కింది కండరాల నుంచి విడదీసి, లాగి, మిగులు కత్తిరించి కుడతారు. రక్తస్రావం తగ్గడానికి లిగ్నొకైన్‌తో పాటు అడ్రినలిన్ ఎక్కిస్తారు. సన్ననాళాలు ముడుచుకుంటాయి. మత్తులో బీపీ కూడా తక్కువగానే ఉంటుంది. సర్జన్ కంటికి అంతా పొడిగా కనిపిస్తుంది. కుట్లు వేశాక కొన్ని గంటలకు అడ్రినలిన్ ప్రభావం తగ్గుతుంది, ముడుచుకున్న నాళాలు తెరుచుకుంటాయి. సరిగ్గా అప్పుడే మత్తు దిగి, నొప్పి తెలిసి, వాంతి వచ్చి, దగ్గొచ్చి బీపీ పైకి లేస్తుంది. అప్పటిదాకా రక్తం కారని నాళం కారడం మొదలుపెడుతుంది. రక్తం చర్మం కింద చేరి గడ్డ కడుతుంది. దీన్ని హెమటోమా అంటారు. ఫేస్‌లిఫ్ట్ తర్వాత వచ్చే చిక్కుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. చాలావరకు మొదటి 24 గంటల్లోనే వస్తుంది. అంటే ప్రమాదం ఎక్కువగా ఆపరేషన్ గదిలో కాదు, ఆ తర్వాతి రాత్రి ఉంది.

ఆపరేషన్ తర్వాత పెరిగే బీపీకీ ఈ రక్తపు గడ్డకూ సంబంధం ఉందని 1976లోనే ఒక అమెరికన్ బృందం రాసింది. అంతకన్నా గట్టి సాక్ష్యం న్యూయార్క్ సర్జన్ డేనియల్ బేకర్ బృందం 2005లో ప్రచురించిన లెక్క. 30 ఏళ్లలో ఫేస్‌లిఫ్ట్ చేయించుకున్న 985 మంది మగవాళ్ల రికార్డులవి. గాయం మళ్లీ తెరిచి రక్తం తీయాల్సి వచ్చినవాళ్లు మొదట్లో 8.7 శాతం. ఆపరేషన్‌కి ముందు, జరిగేటప్పుడు, తర్వాత కూడా బీపీని కట్టడిలో పెట్టడం మొదలయ్యాక అది 3.97 శాతానికి దిగింది. ఆడవాళ్ల కన్నా మగవాళ్లలోనే ఈ బెడద ఎక్కువ. గడ్డం వెంట్రుకల కుదుళ్లకు రక్తం పుష్కలంగా అందడం దానికొక కారణం.

అందువల్ల మంచి సర్జన్ చివరి కుట్టు వేసేముందు మత్తు డాక్టరును అడిగి బీపీని మామూలు స్థాయికి రానిస్తారు. ఏ నాళం కారుతుందో అక్కడే చూసి మూసేస్తారు. తర్వాత నొప్పికీ వాంతికీ మందు అడక్కముందే ఇస్తారు. మూత్రాశయం నిండినా బీపీ పెరుగుతుంది. మత్తు నుంచి తేరుకుంటున్న మనిషి ఆ సంగతి చెప్పుకోలేక కదులుతుంటే నర్సే గమనించి అడగాలి. ఇలాంటి చిన్న శ్రద్ధలు చాలాసార్లు ఖరీదైన యంత్రాల కన్నా ఎక్కువ పనిచేస్తాయి.

బీపీ మరీ తగ్గినా నష్టమే. ఏళ్ల తరబడి ఎక్కువ ఒత్తిడికి అలవాటుపడిన మెదడు రక్తనాళాలు, మామూలు మనిషి తట్టుకునేంత తక్కువ ఒత్తిడిని తట్టుకోలేవు. మందులు క్రమంగా వాడితే వారాల్లో, నెలల్లో ఆ అలవాటు కొంత మారుతుంది. ఒక్క పూటలో మారదు. ఆపరేషన్ రోజు పొద్దున 190 కనిపిస్తే నాలుక కింద నిఫెడిపిన్ వేసి దించేసే పద్ధతి ఒకప్పుడు విరివిగా ఉండేది. అలా అమాంతం దించడం వల్ల పక్షవాతాలు, గుండెపోట్లు వచ్చాయని 1990ల్లోనే వైద్య పత్రికలు గట్టిగా హెచ్చరించాయి. అంకె దిగుతుంది గానీ మనిషి సిద్ధం కాడు. ఆ రోజుకి ఇంటికి పంపేయడమే సరైన వైద్యం. చర్మానికీ ఇదే బాధ. విడదీసిన చర్మం అంచులకు రక్తం చేరడమంటే కాలువ చివరి పొలానికి నీళ్లందడమే. పైన ఏమాత్రం తగ్గినా ముందు ఎండేది అక్కడే. సిగరెట్ తాగేవాళ్లలో ఆ అంచు నల్లబడి చచ్చిపోయే ప్రమాదం ఇంకా ఎక్కువ. కనీసం నాలుగు వారాల ముందే మానేయాలి.

మందుల సంగతిలో జరిగే పొరపాట్లే ఎక్కువ. "రాత్రి నుంచి ఏమీ తీసుకోవద్దు" అంటే పొద్దుటి బీపీ మాత్ర కూడా మానేసేవాళ్లు చాలామంది. ఆమ్లోడిపిన్ లాంటివి ఆపరేషన్ పొద్దున కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోవాల్సినవే. ముందు నుంచీ బీటా బ్లాకర్ వాడేవాళ్లు దాన్ని మానకూడదు. క్లోనిడిన్ హఠాత్తుగా ఆపితే బీపీ విరుచుకుపడుతుంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ మాత్రం వేరు. వేసుకుని వస్తే మత్తులో బీపీ బాగా పడిపోతుందని చాలామంది మత్తు వైద్యులు 24 గంటల ముందు ఆపిస్తారు. ఫ్రాన్స్‌లో 2,222 మంది మీద జరిగి 2024లో వెలువడిన పరీక్షలో, పెద్ద ఆపరేషన్లకు ఇవి ఆపినా కొనసాగించినా చిక్కులు ఒకేలా ఉన్నాయి; కొనసాగించినవాళ్లలో బీపీ పడిపోవడం మాత్రం ఎక్కువ. మూత్రం ఎక్కువ పోయించే మాత్రలను ఆ పొద్దుటికి ఆపమంటారు. ఇక్కడ మన దేశంలో ఒక ఇబ్బంది ఉంది. టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్, హైడ్రోక్లోరోథయాజైడ్ మూడూ కలిపిన ఒకే మాత్ర మనవాళ్లు విరివిగా వాడతారు. ఒకటి వేసుకోవాలి, మిగతావి ఆపాలి అన్నప్పుడు ఆ మాత్రను విరిచి లాభం లేదు. ఆ ఒక్క రోజుకి విడి మాత్ర రాయించుకోవాలి. అందుకే "బీపీ మాత్ర" అని చెప్పి ఊరుకోకుండా అట్టనే పట్టుకెళ్లి చూపించాలి.

ఆపరేషన్ రోజే కొత్తగా బీటా బ్లాకర్ మొదలుపెట్టడం ఎంత తప్పో 2008లో పాయిజ్ అనే పరీక్ష చూపించింది. 8,351 మంది రోగుల్లో మెటోప్రొలాల్ గుండెపోట్లను తగ్గించింది గానీ పక్షవాతాలనూ మరణాలనూ పెంచింది. వణుకుకో మైగ్రేన్‌కో ప్రొప్రనొలాల్ అనే బీటా బ్లాకర్ వాడేవాళ్లు జుట్టు నాటించుకోవడానికి వెళ్లినా ఆ మాట చెప్పాలి. అక్కడ తలకు ఇచ్చే సూదిలోనూ అడ్రినలిన్ ఉంటుంది, ఆ రెండూ కలిస్తే బీపీ ఎగసి గుండె వేగం పడిపోవచ్చు. మోకాళ్ల నొప్పులకని కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బీపీని పెంచుతాయి, రక్తం కారడాన్నీ పెంచుతాయి. దగ్గుకని నెలల తరబడి వాడే అతిమధురం కూడా బీపీని పెంచి పొటాషియాన్ని తగ్గిస్తుంది. ఆకూ వేరూ మందు కాదనుకుని దాని ఊసెత్తరు. గుండెలో స్టెంట్ ఉండి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు మాత్రం కార్డియాలజిస్టు చెప్పకుండా ఒక్క రోజు కూడా సొంతంగా ఆపకూడదు.

అందం కోసం చేయించుకునే ఆపరేషన్ మన ఇళ్లలో ఇంకా గుట్టుగానే జరుగుతోంది. "ఈ వయసులో ఇదెందుకమ్మా" అంటారని కూతురికి చెప్పరు, నవ్వుతారని స్నేహితులకు చెప్పరు. పదేళ్లుగా బీపీ చూస్తున్న డాక్టరుకీ చెప్పరు. దాంతో మందులు తెలిసిన డాక్టరుకి ఆపరేషన్ సంగతి తెలియదు, ఆపరేషన్ చేసే డాక్టరుకి మందుల సంగతి తెలియదు. తన ముఖాన్ని సరిచేయించుకోవాలనుకోవడం తప్పు కాదు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. కానీ ఆ ఇద్దరు డాక్టర్లూ, ఆ రాత్రి పక్కన పడుకునే ఒక మనిషీ, ఈ ముగ్గురికి మాత్రం మొత్తం తెలియాలి. ఆపరేషన్ చేసే చోట మత్తు డాక్టరు చివరిదాకా ఉంటారా, రాత్రి ఫోన్ ఎత్తేదెవరు, అవసరమైతే ఎక్కడికి తీసుకెళ్తారు అని ముందే అడగాలి. ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట బీపీ ఉన్నా లేకున్నా చేయించుకోకూడదు.

ఆ రాత్రి తల రెండు దిండ్ల మీద ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. వంగడం, బరువులెత్తడం, ముక్కి మలవిసర్జన చేయడం వద్దు. బీపీ మాత్ర మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో కాగితం మీద రాయించుకునే రావాలి. కొద్దిగా వాపు, రెండు వైపులా సమానంగా నొప్పి మామూలే. ఒక చెంప మాత్రమే బిగుసుకుంటూ, నొప్పి పెరుగుతూ పోతుంటే అది లోపల చేరుతున్న రక్తం. కనురెప్పల ఆపరేషన్ తర్వాత కంటి వెనక రక్తం చేరడం సుమారు 2,000 మందిలో ఒకరికి జరగొచ్చు. చూపు శాశ్వతంగా పోయేది అంతకన్నా చాలా తక్కువమందికి. కానీ కన్ను ముందుకు పొడుచుకొచ్చి, తీవ్రమైన నొప్పితో చూపు మసకబారితే ఒత్తిడి తగ్గించడానికి ఉన్న సమయం గంటా గంటన్నర మాత్రమే. తెల్లారాక చూద్దామనుకోకుండా, రాత్రి రెండయినా సరే సర్జన్‌ని లేపి, అప్పుడే బయల్దేరాలి.