ఉక్కులో పగుళ్లు వెతికిన యంత్రం

1953లో స్వీడన్‌లోని లుండ్ ఆసుపత్రిలో గుండె వైద్యుడు ఇంగె ఎడ్లర్‌ది ఒకటే బెంగ. గుండెలోని మైట్రల్ కవాటం బిగుసుకుపోయిన వాళ్లకి అప్పుడప్పుడే ఆపరేషన్లు మొదలయ్యాయి. అసలు జబ్బు బిగుసుకోవడమా, లీకవడమా? మొదటిదైతే కత్తి బతికిస్తుంది, రెండోదైతే ఉన్నదీ చెడుతుంది. ఆ సంగతి ఛాతీ తెరవకముందే కచ్చితంగా చెప్పే సాధనం లేదు.

రాడార్‌తో చూడొచ్చా అని ఎడ్లర్ అడిగింది కార్ల్ హెల్మట్ హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్తని. నోబెల్ గ్రహీత గుస్తావ్ హెర్ట్జ్ కొడుకాయన. రాడార్ కుదరదు, శబ్దం కుదరొచ్చు అనుకున్నాడు. దగ్గర్లోనే మాల్మోలో కోకుమ్స్ ఓడల కర్మాగారం ఉంది. ఉక్కులో పైకి కనబడని లోపాలు పట్టే అల్ట్రాసౌండ్ యంత్రం వాళ్ల దగ్గరుంది. హెర్ట్జ్ వెళ్లి దాన్ని తన ఛాతీకే ఆనించుకున్నాడు. గుండె కొట్టుకున్నప్పుడల్లా తెరమీద ఒక గుర్తు అటూ ఇటూ జరిగింది!

తరవాత సీమెన్స్ కంపెనీ ఒక యంత్రం అరువిచ్చింది. అక్టోబరు 29న కదిలే గుండె ప్రతిధ్వని మొదటిసారి నమోదైంది. తమాషా ఏమిటంటే, చురుగ్గా కదిలే ఒక ప్రతిధ్వనిని వాళ్లు చాలాకాలం ఎడమ కర్ణిక గోడ అనుకున్నారు. అది మైట్రల్ కవాటపు రెక్కే. వెతుకుతున్నదే ఎదుట ఆడుతోందన్నమాట.

కిటుకు ఇంతే: ఒంటికి ఆనించే ప్రోబులోని స్ఫటికం చెవికందని శబ్దాన్ని పంపుతుంది. కండలో అది సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో పోతుంది. తిరిగొచ్చే వ్యవధిని బట్టి లోతు లెక్క తేలుతుంది. గాలి మాత్రం దీనికి బద్ధశత్రువు. జెల్ పూసేది అందుకే.

1999లో సోనోసైట్ కంపెనీ చేతపట్టుకునే యంత్రం తెచ్చింది. దాని వెనక అమెరికా రక్షణ శాఖ డబ్బుంది, కావలసింది యుద్ధరంగానికి కదా. ఇప్పుడు ప్రోబు ఫోనుకే తగులుకుంటోంది. రోగిని స్కానింగ్ గదికి తోసుకెళ్లకుండానే గుండె గట్టిగా ముడుచుకుంటోందా, చుట్టూ నీరు చేరిందా అని డాక్టరు చూస్తాడు. ఆ తరవాత బృహద్ధమని కోసం ప్రోబుని పొట్ట మీద పెడతాడు. వెన్నెముకకు ముందు ఉండే ఈ నాళం వెడల్పు మామూలుగా సుమారు 2 సెంటీమీటర్లు. 3 దాటితే ఉబ్బినట్టు. గోడ బయటి అంచు నుంచి అవతలి బయటి అంచుకి కొలవాలి. లోపల గడ్డకట్టిన రక్తం ఉంటే మధ్య దారి ఇరుగ్గా, నాళం మామూలుగానే ఉన్నట్టు కనబడి మోసం చేస్తుంది. పేగుల్లో గ్యాస్ అడ్డొస్తే ప్రోబుని ఓపిగ్గా నొక్కిపట్టాలి. ఉబ్బుని ఈ యంత్రం బాగా పడుతుంది కానీ, అది పగిలిందా లేదా అన్నది అంత నమ్మకంగా చెప్పలేదు. పగిలితే కారే రక్తం తరచు పొట్ట వెనక భాగంలోకి పోతుంది, అక్కడ దీని చూపు తక్కువ.

మన దేశంలో దీనికింకో చిక్కుంది. గుండెని చూసే యంత్రంతో గర్భాన్నీ చూడొచ్చు. అందుకే లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం కింద, జేబులో పట్టేదైనా సరే, రిజిస్ట్రేషన్ లేకుండా వాడటానికి లేదు.